కుడికి వాలే గుర్రం

డింఫ్నా లూబీకి గుర్రమంటే భయం లేదు. గుర్రం మీద మనిషి కూర్చుంటేనే భయం.

ఐర్లాండ్‌లోని మా టిప్పరరీ ఊరవతల గుర్రాలశాలలో ఆమె వయసంతా గడిచింది. కరిచే గుర్రాల నోట్లో చెయ్యిపెట్టి కళ్లెం తగిలించేది. మొగుడు టైగ్ కంచెలు దూకే పందేల్లో జాకీ. ఎవరికీ గుర్తుండని ఒక చిన్న పందెంలో, చివరినుంచి రెండో కంచెకి గుర్రం కాలు తగిలింది. ఆ పడడం పడడం టైగ్ మళ్లీ కళ్లు తెరవలేదు. కూతురు ఓర్లా అప్పటికి చిన్నపిల్ల. పెద్దదై తానూ జాకీనవుతానంది. డింఫ్నా వద్దనలేదు. అన్నా ఆగే పిల్ల కాదు.

వద్దనలేని మనిషి ఇంకో పనిచేసింది. ఓర్లా ఎక్కబోయే పందెంలో ప్రతి గుర్రం పాత పరుగులూ టీవీలో వెతికి, ఏది ఎలా దూకుతుందో చూడడం మొదలుపెట్టింది. ఏది అలిసిపోతే కాళ్లు ఈడుస్తుంది, ఏది పక్కదాన్ని చూసి బెదురుతుంది, ఏది వంకరగా దిగుతుంది. భయంతో నేర్చిన ఆ చూపు ఊరికి పందేలకి పనికొచ్చింది. పెద్ద పందెం వస్తోందంటే టోబిన్ పబ్బులో ఊరి హర్లింగ్ ఆట జట్టు చందాల కోసం ఒక సాయంత్రం సభ పెట్టేవాళ్లు. బల్ల వెనకాల పందేలు కట్టించుకునే బుకీ ముర్తా క్లీరీ, పక్కన డింఫ్నా. నేను వాళ్ల పక్కింటిదాన్ని, రొట్టెల కొట్టు నాది. ఆ సభకి సాండ్‌విచ్‌లు నావే.

ఆ ఏడాది డబ్లిన్‌లో జరిగే పెద్ద హర్డిల్ పందేనికి ఓర్లాకి మొదటిసారి గుర్రం దొరికింది. లిటిల్ ఫెర్రీ అనే ఆడగుర్రం. దాని ధర ఒకటికి ఇరవై. అంటే గెలుస్తుందని ఎవరూ అనుకోవడం లేదని.

సభలో డింఫ్నా ఒక్కొక్క గుర్రాన్నీ తూచింది. "గ్రే బిషప్‌కి గట్టి నేల కావాలి. వారం నుంచి వాన. దాన్ని వదిలెయ్యండి. పీటర్స్ గేట్ కుర్రగుర్రం, దమ్ముంది, కానీ ఇంత పెద్ద గుంపులో ఎప్పుడూ దూకలేదు."

"మరి స్లీవ్ బ్రాన్?" అన్నాడు ముర్తా. అది ఫేవరెట్. గెలిస్తే పెట్టినంతే లాభం.

"మంచి గుర్రమే. బంగాళాదుంపలు మంచివైనా బస్తాకి బంగారం ధర చెబితే కొంటామా? పదిసార్లు పరిగెత్తిస్తే నాలుగుసార్లు గెలుస్తుంది. నువ్వేమో అయిదుసార్లు గెలిచే గుర్రం ధర కట్టావు."

"కూతురి గుర్రం దగ్గరికొచ్చేసరికి నోరు పెగలడం లేదేం? మాటలకి కూడా నీకు డబ్బు కట్టాలా?" అని ముర్తా ఉడికించాడు. జనం నవ్వారు.

డింఫ్నా గ్లాసు కింద పెట్టింది. "బురద దానికి ఇష్టం. ఆడగుర్రం కాబట్టి మోసే బరువు తగ్గిస్తారు. ఇరవై తప్పు ధర. ఎనిమిది ఉండాలి."

ముర్తా నవ్వడం మానేసి అక్కడికక్కడే ధర తగ్గించాడు. జనం అంతకుముందే లేచి అతని చుట్టూ మూగారు. డింఫ్నా మాత్రం కోటు తొడుక్కుని బయటికి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైందే?"

"కిట్, నేను చెప్పింది నిజమైతే చివరి రెండు కంచెల దగ్గర ఫెర్రీ ముందుంటుంది. స్లీవ్ బ్రాన్ పక్కనే ఉంటుంది."

"ఉంటే మంచిదేగా?"

"స్లీవ్ బ్రాన్ అలిసిపోతే కుడికి వాలి దూకుతుంది. మూడు పందేల్లో చూశాను. కుడిపక్కన ఉన్నవాళ్లని గుద్దేస్తుంది. లోపల ఆ మాట చెప్పబోయాను, నోరు రాలేదు. చెబితే జరుగుతుందేమోనని."

శనివారం ఓర్లా ఇంటికొచ్చింది. బేకనూ క్యాబేజీ వండి పిలిస్తే నేనూ వెళ్లాను. పిల్ల బరువు చూసుకోవాలని రెండు ముక్కలు కొరికి ప్లేటు తోసేసింది.

"లోపలి పక్కనే ఉండు. స్లీవ్ బ్రాన్‌కి ఎడమన," అంది డింఫ్నా.

"అమ్మా, లోపలంతా తొక్కితొక్కి పేడకుప్పలా ఉంది. గట్టి నేల బయటే ఉంది. అందరం బయటికే వస్తాం."

"అది కుడికి వాలుతుందే."

"తెలుసు, చూశాను. నేనొక అడుగు వెనకుంటాను."

"మీ నాన్న కూడా అన్నీ చూసుకునే వెళ్లాడు."

ఓర్లా కుర్చీలోంచి లేచింది. "రేపు ఆ మాట నా చెవిలో పెట్టుకుని ఎక్కమంటావా? భయపడిన చెయ్యి గుర్రానికి కళ్లెంలోంచే తెలుస్తుంది. నువ్వే నేర్పావు నాకు." తలుపు వేసుకుని వెళ్లిపోయింది. డింఫ్నా ఆ ప్లేటు వైపే చూస్తూ కూర్చుంది. 

మర్నాడు నా వ్యాన్లోనే డబ్లిన్ వెళ్లాం. దారి పొడుగునా వానే. డింఫ్నా రెండుసార్లు ఆపమని దిగి వాంతి చేసుకుంది. పందెం మైదానంలో కూతురిని పలకరించడానికి వెళ్లలేదు. "నా మొహం చూస్తే దానికి అంటుకుంటుంది," అంది. పందెం మొదలయ్యేసరికి జనం కూర్చునే స్టాండు చివర, ట్రాకుకి వీపు పెట్టి నిలబడింది. ఓర్లా ఎక్కే పందెం ఏదీ ఆమె కళ్లతో చూడలేదు. ఎవరో ఒకరు చెప్పాలి. ఆ రోజు ఆ పని నాది.

"బయల్దేరారు. స్లీవ్ బ్రాన్ ముందు. ఓర్లా మూడో స్థానంలో ఉంది."

"ఏ పక్కన?"

"బయటి పక్క. కుడిన."

నా మోచేతిని పట్టుకున్న ఆమె వేళ్లు బిగిశాయి. వాన ముసురులో అవతలి వైపు గుర్రాలు మసక మసకగా కనపడుతున్నాయి. ఓర్లా తొడుక్కుంది ముదురాకుపచ్చ చొక్కా. పీటర్స్ గేట్ ఎక్కిన కుర్రాడు డోనా రోచ్‌దీ ఆకుపచ్చే. బురద చిమ్మి చిమ్మి రెండూ ఒకటే రంగైపోయాయి. మలుపు తిరిగేసరికి ఏది ఎవరో చెప్పలేకపోయాను. చెప్పలేనని ఆమెతో అనే ధైర్యమూ లేకపోయింది.

చివరినుంచి రెండో కంచె. స్లీవ్ బ్రాన్ ముందు లేచింది, లేస్తూనే కుడికి వాలింది. కుడిపక్కన ఉన్న ఆకుపచ్చ చొక్కాని ఒక్క గుద్దు గుద్దింది. ఆ గుర్రం కంచెలోకే పడిపోయింది. స్టాండంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడైంది.

నేను నోరు విప్పకముందే డింఫ్నా తిరిగింది. "ఎవరు?"

"నాకు కనపడలేదు. ఆకుపచ్చ చొక్కా."

ఆమె పరిగెత్తింది. మోకాళ్ల నొప్పులని చర్చిలో కూడా కూర్చునే ప్రార్థించే మనిషి, గేటు దగ్గర కాపలావాడిని తోసుకుని గడ్డిలో జారుతూ పరిగెత్తింది. వెనక నేను. మైకులో ఏదో పేరు చెబుతున్నారు, జనం అరుపుల్లో ఒక్క అక్షరం వినపడలేదు. కంచె చుట్టూ అప్పటికే పచ్చ తెరలు కట్టేశారు. తెరలు కడితే ప్రాణం మీదికొచ్చినట్టేనని అక్కడ అందరికీ తెలుసు. వాటి కిందినుంచి కదలని ఒక బూటు కనపడింది. డింఫ్నా గొంతులోంచి వచ్చిన చప్పుడు మాట కాదు.

తెర పక్కకి తొలగి డాక్టరు బయటికొచ్చాడు. ఆ సందులోంచి ఎర్ర జుట్టు కనపడింది. ఓర్లాది నల్ల జుట్టు.

"డోనా," అంది డింఫ్నా. బురదలో కూలబడింది. ఏడుస్తూనే నవ్వుతోంది. ఆ నవ్వు ఆగకముందే మా వెనకాల ఇంకో ఆడమనిషి పరిగెత్తుకుంటూ వచ్చింది. డోనా తల్లి అసంప్టా. చేతిలో గొడుగు తిరగబడి ఉంది. "నా బిడ్డేనా?" అని మమ్మల్నే అడిగింది.

డింఫ్నా లేచి, బురద చేతులతోనే ఆమె నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది. "ఊపిరి ఉంది అసంప్టా. పొట్ట కదులుతోంది, నేను చూశాను." అంబులెన్సు కదిలేదాకా ఆ పట్టు వదల్లేదు.

స్లీవ్ బ్రాన్ గెలిచింది. గుద్దినందుకు విచారణ జరిగినా ఫలితం మారలేదు. లిటిల్ ఫెర్రీ రెండోది. మొదటి మూడింట్లో వస్తే చాలని ప్లేసుకి పందెం కాసిన మా ఊరివాళ్లు ఆ సాయంత్రం మాకు ఫోను మీద ఫోను చేశారు. మేం ఎత్తలేదు.

తిరుగుదారిలో వ్యాను వెనక సీట్లో ఓర్లా మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుంది. సగం దారిలో అంది, "అమ్మా, చివరినుంచి మూడో కంచె దాకా నేను ఆ చోట్లోనే ఉన్నాను. నీ మాట గుర్తొచ్చింది. గుర్రాన్ని లోపలికి లాగేశాను. నేను వదిలిన చోట్లోకి డోనా వచ్చాడు."

 డింఫ్నా చెయ్యి వెనక్కి చాచి కూతురి పాదం పట్టుకుంది, ఊరు వచ్చేదాకా అలాగే ఉంది. నాకైతే రోడ్డు సరిగ్గా కనపడలేదు.

డోనా తుంటి ఎముక విరిగింది. తల మాత్రం బాగానే ఉంది. మూడోరోజు డింఫ్నా ఆస్పత్రికి వెళ్తానంది. ఒక్కతే వెళ్లడానికి భయపడి నన్ను రమ్మంది. వరండాలో అసంప్టా ఎదురొచ్చింది. డింఫ్నా కూర్చోకుండానే అంతా చెప్పేసింది. స్లీవ్ బ్రాన్ వాలుతుందని ముందే తెలుసని, పబ్బులో దాచానని, కూతురికి మాత్రం చెప్పానని, కూతురు జరిగిన చోటే నీ కొడుకు పడ్డాడని.

అసంప్టా కిటికీ వైపు తిరిగింది. "నువ్వొక్కదానివే చూశావనుకున్నావా? నేనూ చూశాను. శుక్రవారం వాడికీ చెప్పాను. 'అమ్మా, నేల బాగున్నచోటికే వెళ్లాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి' అన్నాడు. నీ పిల్ల విన్నది. నా పిల్లవాడు వినలేదు." తర్వాత గొంతు తగ్గించి అంది, "నువ్వు ఆ రోజు నవ్వడం చూశాను నేను."

డింఫ్నా తల దించుకుంది.

"నీ చోట ఉంటే నేనూ నవ్వేదాన్నే," అంది అసంప్టా. "టీ తాగుదాం రా. ఇక్కడి టీ కడుగునీళ్లలా ఉంటుంది."

డోనా చలికాలం రాకముందే మళ్లీ గుర్రం ఎక్కాడు. ఓర్లా ఎక్కుతూనే ఉంది. టోబిన్ పబ్బు సభలు ఆగలేదు. ఇప్పుడు డింఫ్నా ధరలకన్నా ముందు ఏ గుర్రం ఏ పక్కకి వాలుతుందో, ఏది కాళ్లు ఈడుస్తుందో పేరుపేరునా చెబుతుంది. జనం పందేలు సగం మానేస్తున్నారని ముర్తా సణుగుతాడు. సణగనీ అంటుంది డింఫ్నా.

ఆదివారం పందేలు మొదలయ్యేసరికి ఆమె వంటింట్లో ఫోను మోగుతుంది. అసంప్టా. ఇద్దరూ కోళ్ల గురించీ, కొత్త పాదిరి నత్తి గురించీ మాట్లాడుకుంటారు. గుర్రాల మాట ఎత్తరు. ముందు గదిలో టీవీలో పందెం నేను చూస్తాను. చివరి కంచె దాటాక లేచి వెళ్లి గుమ్మంలో నిలబడి తలూపుతాను. అప్పుడు డింఫ్నా ఫోనులో, "ఇద్దరూ దాటారట," అంటుంది.  తర్వాత ఎవరో ఒకరు మళ్లీ కోళ్ల దగ్గరికొస్తారు.