తులసీరాం చెప్పుకున్న గోత్రం

కోదాడలో బస్సు దిగినప్పుడు తులసీరాం మొదట వెతికింది కొండను. మంచు ఇంకా విడవలేదు. అది తొలగితే వెనకాల కొండ ఉంటుందనుకున్నాడు. ఒక టీ తాగాడు, ఇంకో టీ తాగాడు, మంచు తొలగింది. వెనకాల ఇంకొంచెం ఆకాశం ఉంది, అంతే.

అది 1987 జనవరి. అతనికి ఇరవై ఒక్కేళ్ళు. నేపాల్‌లో పాల్పా వైపు ఒక ఊరు అతనిది. ఆ ఊళ్ళో అడుగు వేస్తే పైకైనా పోవాలి, కిందికైనా పోవాలి. ఇక్కడ పొద్దంతా నడిచినా మనిషి ఉన్న ఎత్తులోనే ఉంటాడు. ఒక దేశం అయిపోయి ఇంకో దేశం మొదలైన చోటును అతను బస్సులో నిద్రపోతూ దాటాడు. అందుకే చాలా రోజులు, ఇదంతా ఆ నిద్రలోని భాగమేమో అనిపించేది.

అతన్ని పిలిపించింది హీరాలాల్. ఒకే ఊరివాడు, పద్దెనిమిదేళ్ళుగా కోదాడ వీధుల్లో గూర్ఖా. దాజూ అని పిలిచేవాడు తులసీరాం. వాళ్ళ భాషలో అన్న అని. హీరాలాల్ మాత్రం మొదటి రోజు నుంచే తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాడు. అర్థం కాకపోతే రెండోసారి గట్టిగా, చేసైగలతో, అదీ తెలుగులోనే చెప్పేవాడు.

"మిర్యాలగూడలో మిల్లులు పెరుగుతున్నాయి. నీకు అక్కడ పని దొరుకుద్ది. ముందు పగటిపూట వీధులన్నీ తిరుగు."

"కాపలా రాత్రి కదా దాజూ?" అన్నాడు తులసీరాం తన భాషలో.

"రాత్రి తిరిగేవాడి మొహం జనం పగలు చూసుండాలి. కుక్కలు కూడా చూసుండాలి. తెలియనోడు చీకట్లో ఈల వేస్తే వాడే దొంగ అంటారు."

మిర్యాలగూడలో మిల్లు యజమాని సత్యనారాయణ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "వానాకాలం పంట దిగినంక రా. అందాక తెలుగు నేర్చుకో. ఎవడ్రా అని అడుగరానోడు నా మిల్లుకు ఏం కావలి గాస్తవ్?" అన్నాడు. పాత గోనెసంచులు వేసే కొట్టంలో పడుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

అలా అతనికి దాదాపు ఏడాది దొరికింది, ఏ పనీ లేని ఏడాది. వీధులు తిరిగాడు. అరుగుల మీద బియ్యం ఏరుకునే ఆడవాళ్ళకు మొహం చూపించాడు. మబ్బు పడితే మిల్లు కళ్ళం దగ్గరికి పరుగెత్తి, ఆరబోసిన వడ్ల మీద పట్టాలు కప్పడానికి సాయం చేసేవాడు. ఉడకబెట్టిన వడ్ల వాసన తడిగా, వెచ్చగా, ఎవరో అప్పుడే నిద్రలేచిన గదిలా ఉండేది. ఆ వడ్లను కాళ్ళతో తిరగేస్తూ ఆడవాళ్ళు కళ్ళం మీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేవారు. వాళ్ళ వెనక వడ్లలో సన్నని గీతలు పడేవి, గాలి మడుగు మీద రాసినట్టు.

వాళ్ళలో ఒకరు తార. త్రిపురారం దగ్గరి లంబాడీ తండా నుంచి రోజూ పొద్దున బస్సులో వచ్చేది.

"ఓ గూర్ఖా, నీ నడకేంది, గుట్ట ఎక్కుతున్నట్టు గట్ల వంగి నడుస్తవ్?"

హీరాలాల్ తెలుగుకు కొంచెం అలవాటు పడినా, ఆమె తెలుగు అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె పక్కనున్న పిల్లతో తమ ఇంటిభాషలో ఏదో అని నవ్వింది. అది అతనికి సగం అర్థమైంది. వాళ్ళ భాషలో నీళ్ళూ, ఇల్లూ దాదాపు తన భాషలోలాగే ఉన్నాయి. రెండు నెలల్లో ఎవరి నోటా వినని మాటలు అక్కడ, ఎర్రటి ఎండలో, వడ్ల మధ్య దొరికాయి. అతను అక్కడే నిలబడిపోయాడు.

ఆ తర్వాత అతనికి తెలుగు నేర్పింది తారే. తప్పు పలికితే తిట్టేది. సరిగ్గా పలికితే, "ఇప్పుడు మనిషి లెక్క మాట్లాడినవ్," అనేది. ఒకరోజు, "శనివారం మా కాలువకు నీళ్ళొస్తయి," అంది. అతను నమ్మలేదు. నీళ్ళు శనివారం రావడమేమిటి? అతనికి తెలిసిన నీళ్ళు ఎవరినీ అడగకుండా, పగలూ రాత్రీ దొర్లుకుంటూ వచ్చేవి.

శనివారం త్రిపురారం బస్సెక్కాడు. ఎండిన కాలువ గట్టు మీద తార, మరో పదిమంది నిలబడి ఉన్నారు. మధ్యాహ్నం దాటాక దూరంగా ఒక గోధుమరంగు నాలుక కనిపించింది. ఆకులూ పుల్లలూ నురగా ముందు తోసుకుంటూ, దారి అడుగుతూ వస్తున్నట్టు, మెల్లగా వచ్చింది. తార కాలువలోకి దిగి దానికి ఎదురు నడిచింది. నీళ్ళు ఆమె పాదాల దగ్గర ఒక క్షణం ఆగినట్టనిపించింది. అప్పుడు తులసీరాంకు అర్థమైంది, తాను ఇక ఎక్కడికీ తిరిగి వెళ్ళడని.

ఇద్దరూ గట్టు మీద చాలాసేపు కూర్చున్నారు. చివరికి తారే అంది: "నా తోటి చెప్పుడు కాదు, తీజ్ పండుగ అయినంక వచ్చి మా బాను అడుగు." తండాలో తండ్రిని బా అంటారు.

తీజ్ అయింది. ఆడపిల్లలు బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలు కాలువలో కలిపేశారు. మరుసటి ఆదివారం తులసీరాం ఉతికిన చొక్కా వేసుకుని తండాకు వెళ్ళాడు. తార తండ్రి తావుర్యా మంచం వాల్చి, కూర్చోమనకుండానే అడిగాడు.

"మీదేం గోత్రం?"

తండాకు ఎవరొచ్చినా మొదట అడిగేది అదే. తులసీరాం అంతకు ముందే గమనించాడు, ఆ ఒక్క మాట చెప్పగానే వచ్చినవాడు ఎవరో ఒకరైపోతాడు, మామో, బావో, చిన్నాయనో. గోత్రం చెప్పలేనివాడు వాకిట్లోనే నిలబడతాడు. ఎనిమిది నెలలుగా అతను ఎవరికీ ఏమీ కాడు. కళ్ళం దగ్గర తార గర్వంగా, "మేం రాథోడ్లం," అనడం విన్నాడు. తమ పూర్వీకులు రాజపుత్రుల దేశం నుంచి నడిచి వచ్చారని అతని నానమ్మ కూడా చెప్పేది. ఏ పేరుతో నడిచారో మాత్రం చెప్పలేదు.

"మేము గూడ రాథోడ్లమే," అన్నాడు తులసీరాం.

తావుర్యా ఒక్కసారి లేచి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. పక్క ఇళ్ళవాళ్ళు వచ్చారు. ముసలివాళ్ళు అతని చేతులు పట్టుకుని చూశారు, మంచుకొండల్లో కూడా మనవాళ్ళున్నారని. "బిడ్డా తారా, నీ అన్న వచ్చిండు, నీళ్ళియ్యి," అన్నాడు తావుర్యా. తార చెంబు తెచ్చి ఇచ్చింది, తల ఎత్తలేదు. అతను ఆ నీళ్ళు తాగాడు. జీవితంలో అంత తియ్యటి నీళ్ళు తాగలేదనుకున్నాడు. మాంసం వండారు, పాటలు పాడారు. సాయంత్రం దాకా అతను, ఇంటికి చేరినవాడి నిద్రలాంటి ఆనందంలో తేలుతూ ఉన్నాడు. అడగాల్సిన మాట రేపైనా అడగొచ్చు, ఇప్పుడు తాను వీళ్ళవాడేగా అనుకున్నాడు.

బస్సు కోసం కాలువ గట్టు మీద నడుస్తుంటే తార ఎదురొచ్చింది.

"నువ్వు నన్ను అడుగనీకి వచ్చినవా, నాకు అన్నవైతందుకు వచ్చినవా?"

"ఏమైంది?"

"ఒక్క గోత్రంల పుట్టినోళ్ళు అన్నజెల్లెండ్లు. లగ్గం సంగతి దేవుడెరుగు, ఇగ రాఖీ కట్టిచ్చుకో పో." ఆమె గట్టు మీది మట్టిపెళ్ళను కాలితో కాలువలోకి తన్నింది. "ఎవరడిగిన్రు నిన్ను రాథోడ్‌వి గమ్మని? ఇంకో పేరు దొరుకలేదా నీకు?"

అతను చెప్పబోయాడు. ఆమె ఆగలేదు.

"రేపు గాదు, అవుతలి సోమవారం మోతె కాడికెల్లి మనుషులొస్తున్నరు, నన్ను సూడనీకి. బెల్లం తింటే ఇగ ఖాయమే. మా బా నిన్ను గూడ పిలుస్తడు సూడు, పిల్ల అన్నవు గద, పక్కన కూసోవాలె."

తార అన్నట్టే కబురు వచ్చింది.

తులసీరాం కోదాడ వెళ్ళాడు. హీరాలాల్ విని ముందు కడుపు పట్టుకుని నవ్వాడు, తర్వాత నవ్వు ఆపాడు. "కౌగిలించుకున్నవాడికి పోయి అబద్ధం అని చెబుతావా? కొడతారు. మాట విను. సూర్యాపేటలో మనవాడొకడు ఊరికి వెళ్ళిపోతున్నాడు. వాడి వీధులు ఖాళీ. రేపే పనిలో దిగు. ఏడాదికి అన్నీ సర్దుకుంటాయి."

సూర్యాపేట బస్టాండులో దిగాడు. ఎన్నో బస్సులు, ఎన్నో ఊళ్ళ పేర్లు, అందరూ ఎటో వెళ్తున్నారు. ఇక్కడ ఎవరూ అతన్ని ఏమీ అడగరు. చేతిలో కర్ర, నోట్లో ఈల ఉంటే చాలు, గూర్ఖా అనేస్తారు. సుఖంగానే ఉంటుంది అనుకున్నాడు. నీళ్ళు లేని కాలువలా సుఖంగా. ఒక మూల కూర్చుని సాయంత్రం దాకా ఆ బస్సులు చూశాడు. ఆ తర్వాత మిర్యాలగూడ బస్సు ఎక్కాడు.

సోమవారం పొద్దున తండా పెద్ద బిచ్చా నాయక్ ఇంటి ముందు చాపలు పరిచారు. మోతె నుంచి నలుగురు వచ్చారు. మధ్యలో పళ్ళెంలో బెల్లం. తావుర్యా తన పక్కన చోటు చూపించాడు. తులసీరాం కూర్చోలేదు.

"నేను రాథోడ్‌ని కాదు," అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. "ఆ రోజు అబద్ధం చెప్పిన. మాది ఏ గోత్రమో మీ లెక్కల నాకు తెల్వదు. మీరు పక్కన కూసోబెట్టుకుంటరని చెప్పిన. తారను చేసుకుంటనని అడగనీకి వచ్చిన. అది అడగలేదు, ఇది చెప్పిన."

మోతె మనుషుల్లో ఒకడు నవ్వాడు. "మంచిగున్నది తావుర్యా, నీ కొడుకేనా ఇతను, అల్లుడా? ముందు గది తేల్చుకో."

తావుర్యా ఆ మాట వినలేదు. "నిన్ను కౌగిలిచ్చుకున్నగదరా," అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది తులసీరాంకు.

"మరి నువ్వెవ్వరివి?" అడిగాడు బిచ్చా నాయక్.

"ఈడ నేను ఎవ్వర్ని కాదు."

"ఎవ్వరు కానోనికి పిల్లనెట్లిస్తం?"

గుంజకు ఆనుకుని నిలబడిన తార అప్పుడు నోరు విప్పింది. "బా, ఆ బెల్లం అటు వెట్టు. నేను తినను."

ఎక్కడో మేక అరిచింది. వెనక వరుసలో మోతీబాయి తంబాకు దులుపుకుని లేచింది. చౌహాన్ల ఇంటి విధవరాలు, పిల్లలు లేరు. నోటికి తండా అంతా భయపడుతుంది.

"నాయక్, చౌహాన్లకు రాథోడ్ల పిల్లనియ్యొచ్చా, రాదా?"

"ఎందుకియ్యరాదు. ఇస్తనే ఉన్నం."

"అయితె వీడు నా కొడుకు. నాకు మేకలు గాసెటోడు లేడు. కాళ్ళు బలంగున్నయి, అబద్ధం సరిగ ఆడరాదు. గిట్లాంటోడు మళ్ళ యాడ దొరుకుతడు?"

ఎవరో ఆపుకోలేక నవ్వారు. బిచ్చా నాయక్ నవ్వలేదు. ఒక మనిషి తండావాడు కావాలంటే తండా అతన్ని చూడాలన్నాడు. పంట చేతికి వచ్చేదాకా మోతీబాయి ఇంట్లో ఉండాలి. ఆ తర్వాత ఆడపిల్ల తండ్రి మాటే మాట. మోతె వాళ్ళు తలపాగాలు సర్దుకుని బస్సుకు వెళ్ళిపోయారు. తావుర్యా లేచి, "కోతల దాకా వాని మొఖం నా కంట పడొద్దు," అని ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ సాయంత్రం మోతీబాయి అతనికి చౌహాన్ల పెద్దల పేర్లు నేర్పింది. తాత, ముత్తాత, వాళ్ళ తండ్రి. చివరికి చనిపోయిన తన భర్త పేరు చెప్పి, "ఈయన నీ బా," అంది. తులసీరాం ఆ పేరు పలకబోయి ఆగిపోయాడు. కొండవాలున మొక్కజొన్న చేలో నిలబడి, తన ఉత్తరం కోసం చూసే ఒక మనిషి గుర్తొచ్చాడు.

"యాడీ, మా నాయన బతికే ఉన్నడు," అన్నాడు. యాడి అంటే అమ్మ. ఆమెను అలా పిలవడం అదే మొదలు.

మోతీబాయి పొయ్యిలోకి ఒక పుల్ల తోసింది. "ఉండనియ్యి. నేనేమన్న సచ్చిపొమ్మన్ననా? ఇద్దరు తండ్రులుంటె మోయలేవా?"

మూడు నెలలు మేకలు కాశాడు. తావుర్యా గడపకు దూరంగా, చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. తార కనిపిస్తే మాట్లాడేది కాదు, మేకలతో మాట్లాడేది: "మీ గూర్ఖాకు ఇంక మునుపటి లెక్కనే నడుస్తుండని చెప్పున్రి." పైరు మోకాలెత్తు అయింది, నడుమెత్తు అయింది, తల వంచింది. ఆకుపచ్చ రంగు పొద్దుకింత పసుపులోకి జారుతుంటే, నేల మొత్తం ఏదో జ్ఞాపకం చేసుకుంటున్నట్టు ఉండేది. మిల్లు నుంచి సత్యనారాయణ రమ్మని మనిషిని పంపాడు. తులసీరాం ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడు. పని పోవచ్చని తెలుసు. అయినా ఆగమన్నాడు.

డిసెంబరులో ఒక పొద్దున తార మోతీబాయి వాకిట్లోకి వచ్చింది. అతని వైపు చూడకుండా, ముసలామెతోనే చెప్పింది.

"మా బా చెప్పి రమ్మన్నడు. కోతకు ఒక మనిషి తక్కువున్నడంట. మోతీబాయి కొడుకును తోలుమన్నడు."

మోతీబాయి కొడవలి తీసి అతని చేతిలో పెట్టింది. పెళ్ళి మాఘంలో జరిగింది, మిల్లులో పని ఆ తర్వాతి వారం మొదలైంది. అవన్నీ ఆ పొద్దుటికి ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. అతను పొలం చేరేసరికి మంది వరుసగా మునుం పట్టి, ఎవరి పట్టె వాళ్ళు కోస్తున్నారు. తావుర్యా తల ఎత్తలేదు. తన కుడిపక్కన మాత్రం ఒక మనిషి కోసేంత వరి కోయకుండా వదిలిపెట్టి, కొంచెం మెల్లగా కోస్తున్నాడు. తులసీరాం దిగి, వంగి, మొదటి పిడికెడు కంకులు పట్టుకున్నాడు.