మటన్ పుట్టుక చెప్పే బావ

మా బావకి ఒకటే జబ్బు. మా మాంసం కొట్టుకి వచ్చి ఎవరైనా "అరకిలో మటన్" అన్నారంటే, ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పందే కత్తి ఎత్తడు. మాంసం కొట్టడం ఆయన పని. తూకం, పొట్లాలు నావి. వరసలో నిలబడ్డవాళ్ళ తిట్లు కూడా నావే.

"మటనా? మేకదా, గొర్రెదా?"

"ఏదో ఒకటి కొట్టవయ్యా."

"అలా అంటే ఎలా? అసలది ఫ్రెంచి మాట. వాళ్ళకి గొర్రె మందలో ఉన్నా అదే పేరు, పళ్ళెంలో ఉన్నా అదే పేరు. ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడ్డాక పళ్ళెంలోదే మటన్ అయింది. మన దగ్గరికొచ్చేసరికి పాపం మేకని కూడా కలిపేసుకున్నాం. ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి?"

"ఇంటికెళ్ళాలి," అన్నాడో డ్రైవరు. బావ నొచ్చుకోలేదు. మళ్ళీ మొదట్నించీ చెప్పాడు.

ఓ పెద్దమనిషి తెలివిగా "అరకిలో మాంసం" అన్నాడు. "మటన్ అనడానికి మొహమాటమెందుకండీ?" అంటూ ఆయన్నీ కూర్చోబెట్టాడు.

ఈలోగా పక్కవీధిలో కొత్త కొట్టు తెరిచారు. అక్కడ నోరెత్తకుండా నిమిషంలో కొట్టి ఇస్తారట. మా వరస సగమైంది. "నువ్వైనా చెప్పరా, కొట్టు మూతపడేలా ఉంది," అని అక్క నన్ను తోసింది. చెప్పాను. ఆశ్చర్యం, బావ ఒప్పుకున్నాడు.

"సరే, మానేస్తా. ఆదివారం తొమ్మిదింటికి మాత్రం ఒక్కసారి చెప్పుకోనీ."

"అప్పుడే కదా బావా రద్దీ?"

"తొమ్మిదింటికే," అన్నాడు మొండిగా.

తొమ్మిదింటికి వచ్చేది మాస్టారు, ఏడో తరగతిలో బావకి పాఠాలు చెప్పినాయన. కూతురు చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. ఆయన్ని చూస్తే బావకి ఏమవుతుందో, అన్నీ తప్పులే. ఓ వారం "మటన్ పోర్చుగీసు మాట మాస్టారూ" అన్నాడు. మరో వారం డచ్చి అన్నాడు. మాస్టారు కర్ర నేలకేసి కొట్టి, "ఫ్రెంచిరా. నీకు చెప్పింది నేనే. బుర్రలో ఏం పెట్టుకున్నావ్?" అని పావుగంట దులిపేవారు. బావ తల గోక్కునేవాడు. ఈ దులపరింపు కోసం ఉన్న బేరాలు పోగొట్టుకుంటున్నాడని నాకు ఒళ్ళు మండేది.

ఉండబట్టలేక ఓసారి ఆ కూతురితో అన్నాను. "మా బావ మతిమరుపు వల్ల మీకు కూడా ఆలస్యమవుతోందమ్మా."

"మతిమరుపు కాదండీ," అందావిడ మెల్లగా. "అమ్మ పోయాక నాన్న మాట్లాడడం మానేశారు. వారమంతా ఔననరు, కాదనరు. ఇక్కడ తప్పు దొరికితేనే నోరు విప్పుతారు. మీ బావగారు ముందురోజే ఫోన్ చేసి, ఈసారి ఏ దేశం చెప్పమంటావమ్మా అని అడుగుతారు."

నాకు సిగ్గేసింది. వెనక నిలబడ్డ డ్రైవరు కూడా విన్నాడు, చేతి గడియారం చూసుకోవడం మానేశాడు.

మరుసటి ఆదివారం బావకి జ్వరం. కత్తి నా చేతికొచ్చింది. తొమ్మిదింటికి మాస్టారొచ్చి మౌనంగా నిలబడ్డారు. ఆయన వెనక పదిమంది. కూతురు నావైపు ఆశగా చూసింది. గొంతు సవరించుకున్నాను.

"మటన్ అంటే చైనా మాట మాస్టారూ."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. కర్ర లేచింది.

"మీ బావే నయంరా. వాడు ఎంత తప్పు చెప్పినా యూరప్ దాటడు. ఇలా రా, చెప్తాను."

వరసలోంచి డ్రైవరు గొంతు వినిపించింది.

"నిదానంగా చెప్పండి మాస్టారూ. మాకేం తొందర లేదు."