గుండ్రటి ముద్ర

సౌదీలోని జుబైల్ లేబర్ క్యాంపులో మా వెల్డర్ లింబాద్రికి ఈ రోజు ఒక మెయిల్ చదివి పెట్టాను. అతను తన రెండేళ్ల జీతం పెట్టిన ట్రేడింగ్ యాప్ మూతపడితే, అది నమోదైన చిన్న దీవి దేశపు నియంత్రణ సంస్థకు అతని తరఫున నేనే ఫిర్యాదు రాశాను.

"ఆ కంపెనీ మా దగ్గర పేరు మాత్రమే నమోదు చేసుకుంది. డబ్బు తీసుకునే లైసెన్సు మేమివ్వలేదు" అని జవాబు.

"గా దేశం ఏడుంటదన్నా?" అన్నాడు. ఫోన్‌లో మ్యాపు పెద్దది చేయగా చేయగా ఒక చుక్క కనిపించింది.

ఇక్కడ ముద్ర లేని కాగితానికి గేటు కూడా తెరవరు. ఆ అలవాటుతోనే లింబాద్రి, యాప్ వాళ్లు పంపిన నమోదు పత్రం మీది గుండ్రటి ముద్ర చూసి నమ్మాడు. ఇప్పుడు దాన్ని మడిచి మళ్లీ ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, కాపీతో పాటు కవర్లో పెట్టుకున్నాడు.

"ఇంకా ఎందుకది?"

"ముద్రున్న కాగితం గదన్నా, ఎట్ల పారేస్త?"

మీ కవర్లోనూ ఇలాంటిదొకటి ఉందా?