హాన్నా విన్న “ఈవెంచువల్లీ”

2009 అక్టోబర్. మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్ దగ్గరి ఒక ఆసుపత్రిలో డయాలసిస్ నర్సుగా పనిచేస్తున్నాను. నా పేషెంట్లలో యాన్ అనే పోలండ్ ఆయన ఉండేవాడు. కార్ల ఫ్యాక్టరీలో రిటైరైన మనిషి. మూత్రపిండాలతో పాటు గుండె కూడా చెడింది. మెషీన్ పెట్టగానే బీపీ పడిపోయేది.

12వ తేదీ, సోమవారం కేర్ కాన్ఫరెన్స్ జరిగింది. అంటే కుటుంబంతో డాక్టర్ కూర్చుని మాట్లాడటం. మా జూనియర్ డాక్టర్ స్వాతి, గుంటూరు అమ్మాయి, యాన్ భార్య హాన్నాకు ఇంగ్లీషులో చెప్పింది: ఈవెంచువల్లీ డయాలసిస్ ఆపేస్తాం. ఆపేశాక మనిషి కొద్దిరోజులే ఉంటాడు. హాన్నా తల ఊపింది.

బుధవారం ఆమెను అడిగాను. “క్రాకోలో ఉన్న మీ అమ్మాయి ఎప్పుడొస్తోంది?”

“క్రిస్మస్‌కి. డాక్టర్ ఈవెంచువల్లీ అందిగా, తొందరేముంది?”

ఇంగ్లీషులో ఆ మాటకు “చివరికి జరిగి తీరుతుంది” అని అర్థం. జర్మన్, ఫ్రెంచి, పోలిష్ భాషల్లో అదే మాటకు “జరిగితే జరగవచ్చు” అని. పూర్వం ఒక జర్మన్ పేషెంటు నాకది నవ్వుతూ చెప్పాడు. పోలిష్ సంగతి ఆ రోజే కంప్యూటర్‌లో చూసుకున్నాను. వెంటనే స్వాతి దగ్గరికెళ్లి, ఇంటర్‌ప్రెటర్‌ని, అంటే దుబాసీని, పిలిపించమన్నాను.

“ఆంటీ, ఆవిడ ఇంగ్లీష్ నాకన్నా బెటర్! ఇంటర్‌ప్రెటర్ వద్దని తనే సైన్ చేసింది,” అంది స్వాతి.

“అయినా పిలిపించమ్మా. ఆయనకు వారం కూడా లేదు. ఆ పిల్ల తండ్రిని చూసుకోవద్దూ?”

“మీరు వదలరుగా! సరే, కాల్ చేయిస్తా.”

ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్ పోలిష్‌లో అంతా వివరంగా చెప్పాడు. హాన్నా చివరిదాకా విని, నావైపు తిరిగింది.

“నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను. ఆ మాటకు ఇక్కడి అర్థం నాకు తెలీదనుకున్నారా? మా భాషలో విన్నాను. అందులో ఆయన ఇంకా బతుకుతాడు. అదీ లాగేసుకున్నారు.”

ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేసింది. యాన్ శుక్రవారం పోయాడు. కూతురు శనివారం దిగింది.

ఆ అమ్మాయి కారిడార్‌లో నన్ను ఆపింది. “అమ్మకు సోమవారమే తెలుసా? నిజం చెప్పండి.”

హాన్నా పక్కనే ఉంది, నేలకేసి చూస్తూ.

“తెలీదమ్మా. ఆ మాటకు మీ భాషలో అర్థం వేరు,” అన్నాను.

ఆ పిల్ల నమ్మి, తల్లిని పట్టుకుని ఏడ్చింది. హాన్నా చేతులు పైకి లేవలేదు.

నిజం విడమరిచి చెబితే మనిషికి మేలే జరుగుతుందని అంతవరకు నమ్మాను. ఆ తర్వాత ఆరేళ్లు, 2015లో మానేసేదాకా, నర్సు పనే చేశాను. చెప్పవలసిన ప్రతిసారీ స్పష్టంగానే చెప్పాను. మేలు జరుగుతుందని మాత్రం మళ్లీ ఎప్పుడూ అనుకోలేదు.