పెద్దమ్మ రాయి

ఇట్లా నా పక్కన చాప మీదికి జరిగి కూర్చోండి. మా ఊళ్లో ఒక రాయి పోయింది, దాని సంగతి చెబుతాను.

పుట్టిందీ మెట్టిందీ నాకు ఒకటే ఊరు. చిత్తూరు రోడ్డులో బస్సు దిగి లోపలికి నడవాలి. ఎవరైనా దారి అడిగితే, బెల్లం గానుగ దాటి రాయి దగ్గర తిరగమనేవాళ్లం. నిలువుగా పాతిన రెండు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక బండ, మనిషి భుజమెత్తున. చెరుకు మోపైనా పూలగంపైనా ఇంకొకరి సాయం లేకుండా దాని మీదికి జరిపి, కాస్త ఊపిరి తీసుకుని, మళ్లీ తలకెత్తుకోవచ్చు.

అది మా పెద్దమ్మ రాయి. ఆమె నిండు నెలల్లో, కాన్పు కాకుండానే పోయిందట. కడుపులో బరువుతో పోయిన ఆడదాని పేరున అట్లాంటి రాయి పాతించడం మా వైపు ఆనవాయితీ. దారినపోయేవాళ్లు బరువు దించిన ప్రతిసారీ ఆమె బరువు కొంచెం తగ్గుతుందని నమ్మకం. మా అమ్మ ఆమెకు చెల్లెలు. ఇంటికొచ్చిన వాళ్లను మంచినీళ్లకంటే ముందు, రాయి మీద దించి వచ్చారా అని అడిగేది. మా నాయన తమలపాకుల పొట్లాన్ని కూడా బండ మీద పెట్టి తీసి, "మీ యక్కకు నా బరువు గూడా దించేసినా" అని ఆటపట్టించేవాడు.

గానుగ ముందే పడిపోయింది. అమ్మకు కంటి ఆపరేషనని మేము తిరుపతిలో ఉన్నప్పుడు రోడ్డు వెడల్పు చేసినారు. తిరిగొచ్చి బస్సు దిగితే రాయి లేదు. కట్టు విప్పిన కన్ను ఇంకా కుదురుకోలేదేమోనని అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది.

ఊరంతా అడిగితే, బండ ఒక కొత్త ఇంటి ముందర మురుక్కాలవ మీద దొరికింది. ఆ ఇంటాయన దాని మీదుగానే బయటికొచ్చినాడు.

"మా యక్క మీద కాలుబెట్టి నడస్తాండావు నాయనా" అంది అమ్మ.

ఆయన చప్పున పక్కకు దిగినాడు. "రోడ్డోళ్లు పారేసిపోతే తెచ్చి ఏసుకున్నా అవ్వా. నాకేం తెలుసు?" అని, తానే మనుషులను పిలిచి మా ఇంటికి చేర్పించినాడు. నిలువు రాళ్లు మాత్రం దొరకలేదు. రోడ్డు పక్కన పాతుదామంటే ఆ పొడవునా ప్లాట్ల గోడ. సరే, మా వాకిట్లోనే ఇటుకల మీద పెట్టించాను.

అమ్మ చూసి, "వంగి దించుకునేదానికి రాయెందుకుమే? నేల లేదా?" అంది.

మేస్త్రీని పిలిపించి భుజమెత్తు దిమ్మెలు కట్టించాను. అయితే దించేదెవరు? గడ్డి కూడా బైకు మీదే వస్తోంది. గ్యాసు బండ ఆటోలో వచ్చి నేరుగా గడపలో దిగుతోంది. అమ్మ పొద్దస్తమానం దారి వైపు చూసేది.

ఒక సాయంత్రం ఆమే పెరట్లో గడ్డి కోసి, మోపు నెత్తిన పెట్టుకుని వణుక్కుంటూ వాకిట్లోకి వస్తోంది. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పలేదా అని కోప్పడుతూ లాక్కోబోయాను.

"ఎవురూ దించకపోతే మా యక్క ఎన్నాళ్లు మోస్తాదిమే?"

సాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అమ్మ మోపును బండ మీదికి జరిపి, దాని పక్కనే చెంప ఆనించి నిలబడింది. మళ్లీ ఎత్తుకోవడానికి ఆమెకు బలం చాలలేదు. నేనే ఎత్తుకున్నాను. ఇప్పుడు రోజూ నేనే దించుతున్నాను. నా తర్వాత ఎవరో తెలియదు.

మీ ఇంట కడుపుతో ఉన్న బిడ్డలు సుఖంగా కని లేవాలి. మీ నెత్తిన మోపుంటే దించే చేతులు మీ వాకిట్లోనే ఉండాలి.