పేరు చెప్పి కట్టిన తెల్లగుడ్డ

మా భాషాశాస్త్రం మాస్టారు పోయారని పోయిన వారం పొద్దున్నే బందరు నుంచి ఫోన్ వచ్చింది. నేను నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డునున్న మా పుట్టింట్లో ఉన్నాను. నాన్నా తమ్ముడూ అప్పటికే వేటకి వెళ్లిపోయారు. అమ్మ చేపలు ఆరబెడుతోంది. సంగతి చెప్పగానే బుట్ట కింద పెట్టేసి, "ఎవరే? మన మాస్టారేనా?" అంది. ఆ 'మన' ఎలా వచ్చిందో మీకు చెప్పాలి.

బందరు కాలేజీలో ఆయన మాకు సంకేతాల గురించి పాఠం చెప్పేవారు. ఎవరింటికి భోజనానికి పిలిచినా, విస్తరి ఎవరు ఎటు మడుస్తున్నారో చూస్తూ కూర్చునేవారు. "పెళ్లిలో మనవైపు మడుస్తాం, చావు భోజనంలో అవతలికి మడుస్తాం. ఆకుకి పెళ్లి తెలుసా, చావు తెలుసా? రెండో మడత ఉంది కాబట్టే మొదటిదానికి అర్థం" అనేవారు. మాటలూ అంతేనట, పక్కన వేరే మాటలు లేకపోతే ఏ మాటకీ విలువ ఉండదట. "పరీక్షలో ఇది రాస్తే మార్కులు వేస్తారా సార్?" అని మేం ఏడిపిస్తే, "దిద్దేవాడు భోజనం చేసి వస్తే వేస్తాడు" అనేవారు, నవ్వకుండా.

వేటకి వెళ్లేవాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఆయన ఒకసారి మా ఊరు వచ్చారు. అప్పటికి రేవులో మూడో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేసి చాలా రోజులైంది. సముద్రం మాత్రం చెరువులా ఉంది. దించని హెచ్చరికని ఎవరు పట్టించుకుంటారు? "ఎప్పుడూ ఉండేది ఏమీ చెప్పదమ్మా" అని ఆయనే గొణిగారు. మగవాళ్లంతా, తడుస్తాయని ఫోన్లు ఇళ్లలోనే వదిలేసి, పడవలెక్కారు.

మధ్యాహ్నం ఆ ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. హెచ్చరిక ఏడో నంబరుకి పెరిగింది. గాలి తిరిగింది. పడవలు కళ్లకి ఆనుతున్నాయిగానీ కేక అందదు.

అంత దూరం నుంచి పడవల్ని వెనక్కి పిలిచేది మా ఊళ్లో ఒక్కటే. ఎవరైనా పోతే ఒడ్డునున్న పొడుగాటి వెదురుకి తెల్లగుడ్డ కడతారు. అది చూస్తే వల కోసేసైనా వచ్చేస్తారు. కట్టేవాళ్లు పోయినవాళ్ల పేరు పైకి చెప్పి కట్టాలి.

"కట్టమ్మా" అన్నారు మాస్టారు.

"ఎవరి పేరు చెప్పనండీ?" అంది అమ్మ.

ఒడ్డున ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. బతికున్న మనిషి పేరు ఎవరిస్తారు?

"గుడ్డకీ చావుకీ చుట్టరికం లేదమ్మా. మనం పెట్టుకున్నదే."

"పెట్టుకుంది మనమేనండీ. తీసెయ్యడం మన చేతిలో ఉందా?"

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ నాన్నా తమ్ముడూ నీళ్లమీద ఉంటే ఇక్కడ వీళ్లిద్దరూ క్లాసు పెట్టుకున్నారు.

"లేదమ్మా. అందుకే నా పేరు చెప్పి కట్టు" అన్నారాయన.

అమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన పేరు చివర గారు చేర్చి మరీ చెప్పి, కట్టింది. కాసేపు ఏ పడవా కదల్లేదు. తర్వాత ఒకటి తిరిగింది, దాని వెనకే మిగతావి. నాన్న మోకాటిలోతు నీళ్లలోంచే, "ఎవరు పోయారే?" అని అరిచాడు. జనంలోంచి మాస్టారు చెయ్యెత్తి, "నేనేనండి" అన్నారు.

ఇద్దరు ముగ్గురు కొట్టడానికి మీదికెళ్లారు. పొద్దుగూకేలోపు గాలి మా వీధిలో రేకులన్నీ లేపేసింది. అప్పుడు వాళ్లే ఆయన్ని చెయ్యిపట్టుకుని తుఫాను షెల్టరుకి తీసుకెళ్లారు. ఇవాళ నాకు నాన్న ఉన్నాడంటే, తమ్ముడు ఉన్నాడంటే ఆయన వల్లే.

తర్వాత ఆయన చాలా ఏళ్లు బతికారు. ఫోన్ చేసినప్పుడల్లా, "ఎలా ఉన్నానమ్మా నేను?" అని అమ్మనే అడిగేవారు. "నిక్షేపంలా ఉన్నారండీ" అనేది అమ్మ. ఫోన్ పెట్టేశాక మాత్రం దేవుడి పటానికి దణ్ణం పెట్టుకునేది. అబద్ధానికి కట్టిన ఆ గుడ్డ అన్నాళ్లూ ఆవిణ్ణి భయపెడుతూనే ఉంది.

పోయిన వారం అమ్మ ఎవర్నీ అడగలేదు. తిన్నగా వెదురు దగ్గరికెళ్లి, ఆయన పేరు గారుతో సహా చెప్పి, కట్టింది. పడవలు వచ్చాయి. నాన్న దిగి, ఎవరని అడిగాడు. అమ్మ చెప్పింది. పేరు వినగానే నాన్న ఆకాశంకేసి చూశాడు. ఎక్కడా మబ్బు లేదు. అయినా నవ్వుతూ, జనంలో మాస్టారి కోసం వెతికాడు.