రెండో తుమ్ము

పోయిన నెలలో మా మామగారి అమ్మ కాలం చేశారు. మధ్యాహ్నం అన్నం తిని వసారాలో మంచం మీద పడుకున్నారు, మళ్లీ లేవలేదు. మా ఆయనలాగే నేనూ ఆవిడని నాయనమ్మ అనేదాన్ని. ఐదో తరగతితో బడి మానేశాను. ఇలా రాయడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించండి, ఆవిడ గురించి మాత్రం చెప్పాలి.

మాది పొదిలి దగ్గర పల్లెటూరు. పెళ్లయి గుంటూరు వైపు, మిరప వేసే ఈ ఊరికి వచ్చిన మూడో రోజు నుంచే నాకు తుమ్ములు పట్టుకున్నాయి. లేవగానే ముక్కు కారేది, కళ్లు దురద పెట్టేవి. సరిగ్గా మామయ్యగారు పొలానికి బయల్దేరే వేళకి తుమ్మొచ్చేది. ఒంటి తుమ్ము వినపడితే ఆయన గడప దాటరు. వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి, కాసేపాగి వెళ్తారు. నిజానికి నాకు వచ్చేవి ఆరేడు. భయపడి మిగతావన్నీ కొంగులో నొక్కేసేదాన్ని. అందుకే బయటికి ఎప్పుడూ ఒకటే వినపడేది.

ఒకరోజు అలా ఆలస్యమయ్యేసరికి కూలీలు వేరేవాళ్ల చేలో కోతకి వెళ్లిపోయారు. ఆ పూట అత్తయ్యగారు మా ఆయనతో, తగ్గేదాకా నన్ను పుట్టింట్లో దించి రమ్మనడం వంటింట్లోంచి విన్నాను. ఘాటుకి తట్టుకోలేని పిల్ల ఇక్కడ కాపురం ఎలా చేస్తుందని ఆవిడ దిగులు. దించితే మళ్లీ తీసుకొస్తారా అని నా దిగులు.

మర్నాడు నేను తుమ్మగానే వసారాలోంచి ఇంకో తుమ్ము వినపడింది. నాయనమ్మది. జంట తుమ్ముకి దోషం లేదు కదా, మామయ్యగారు చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఇక రోజూ అంతే. పక్కింటావిడ నవ్వి, "ఏం పిన్నీ, మనవడి పెళ్లాం జలుబు నీకూ అంటిందా?" అంటే, "అంటింది. నీకూ కావాలా?" అనేవారు.

ఊరికే తుమ్మి ఊరుకోలేదు ఆవిడ. "అమ్మాయ్, మిరప ఘాటుకైతే కళ్లంలో తుమ్మాలి గదే. మంచం దిగుతూ తుమ్ముతావేం?" అని అడిగారు. తన మోకాళ్లు చూపించుకోవాలని ఇంట్లో చెప్పి, తోడుగా నన్ను టౌనుకి తీసుకెళ్లారు. డాక్టరుగారి ముందు నన్ను కూర్చోబెట్టి, "నా మోకాళ్లకేం లేదండీ. ఈ పిల్లని చూడండి. నోరు తెరవదు, ముక్కు ఆగదు" అన్నారు.

ఇది ఎలర్జీ అని, ఎవరికీ అంటుకోదని ఆయన చెప్పారు. పాత పరుపుల్లో కంటికి కనపడని పురుగులుంటాయట. మాత్రలు, ముక్కులో కొట్టుకునే స్ప్రే రాసిచ్చారు. రెండు రోజులకే గుణం లేదని స్ప్రే మానేయొద్దన్నారు. పిల్లికూతలొచ్చినా, ఊపిరాడకపోయినా వెంటనే రమ్మన్నారు.

మా మంచం మీద పరుపు, మామయ్యగారి పెళ్లికి సొంత చేలో పత్తితో నాయనమ్మ దగ్గరుండి కుట్టించినది. ఏళ్ల తరబడి అటక మీద ఉంచి మాకోసం దింపారు. ఇంటికి రాగానే ఆవిడే దాన్ని బయటికి లాగించారు. అత్తయ్యగారు అయ్యో అంటుంటే, "కుట్టించింది నేనేగా" అని లోపలికి వెళ్లిపోయారు.

తర్వాత దుప్పట్లు, దిండు గలేబులు వారం వారం బాగా వేడినీళ్లలో ఉతికించేవారు. పొడి చీపురు పట్టుకుంటే, "దుమ్ముని లేపకే, తడిగుడ్డతో తుడువు" అని కేక. కళ్లంలో ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, ఇంటికి రాగానే తలమీద నీళ్లు పోసుకుని చీర మార్చుకోవాలి. "తుమ్ము దాచకే, దాస్తే ఎవరికి తెలుస్తుంది?" అనేవారు. రెండు నెలల్లో బాగా తేలికపడ్డాను. పుట్టింటి మాట మళ్లీ రాలేదు. ఇప్పుడు నా ముక్కుగుడ్డ ఉతికి ఆరేసేది అత్తయ్యగారే.

దినం అయిన మర్నాడు మామయ్యగారు పొలానికి బయల్దేరారు. చుట్టాలొచ్చి వెళ్లిన ఇల్లు, దుమ్ము రేగి ఉంది. నాకు తుమ్మొచ్చింది. దాచుకోలేదు. కానీ ఒక్కటే వచ్చింది.

ఆయన గడప దగ్గర ఆగారు. వసారాలో ఖాళీ మంచం వైపు చూశారు. నేను నీళ్ల చెంబు కోసం తిరిగాను.

వెనకనుంచి "హాచ్" అని వినపడింది. బొత్తిగా చేతకాని తుమ్ము. నేను తిరిగి చూసేసరికి ఆయన చెప్పులేసుకుని, ఎర్రగా ఆరుతున్న కాయల పక్కనుంచి, తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ వెళ్లిపోతున్నారు.